అడుగు మూయని కుండలు

మట్టి మురగాలి. తడిపి, గోనెపట్టా కప్పి, పదిహేను రోజులు వదిలేస్తే కుళ్ళు వాసన మొదలవుతుంది. ఆ వాసన వచ్చాకే మట్టి చేతికి లొంగుతుంది. క్యాంపస్‌లో మా మట్టిగదికి వచ్చే పిల్లలు మొదటి రోజు ముక్కులు మూసుకుంటారు. నెల తిరిగేసరికి అదే మట్టి అంటిన చేతులతో సమోసాలు తింటూ కూర్చుంటారు. ఆ వాసన నాకెప్పుడూ రోత అనిపించలేదు. నాకు రోత పుట్టించింది ప్రదర్శన రోజు గ్యాలరీలో కొట్టిన మల్లెపూల స్ప్రే.

ఆ రోజు సంగతే చెబుతాను.

నేను విశ్వవిద్యాలయంలో కుండల పని నేర్పుతాను. పద్నాలుగేళ్లుగా కాంట్రాక్టు మీదే. మా విభాగానికి ఒకప్పుడు పెద్దగా ఉన్న శిల్పి పోయి చాలా కాలమైంది. అందరూ ఆయన్ని సార్ అనే అంటారు, నేనూ అంతే. మట్టికుండను వంటింట్లోంచి తీసుకొచ్చి ఆధునిక కళగా నిలబెట్టిన మనిషి అని ఆయనకు పేరు. ఈ ఏడాది విభాగం వాళ్లు ఆయన కుండలన్నీ ఒకచోట చేర్చి గ్యాలరీలో పెట్టారు. ప్రారంభం రోజున సార్ వాడిన సంప్రదాయ పద్ధతులు చేసి చూపించే పని నాకు అప్పగించారు. ఆహ్వానపత్రం మీద అలాగే అచ్చు వేశారు. సార్ పద్ధతులట! చదివి నవ్వాలో ఉమ్మాలో తెలియలేదు. ఎందుకంటే ఆ పద్ధతులు ఆయనకు నేర్పింది మా అమ్మ.

మాది కుమ్మరిల్లు. నా చిన్నప్పుడు వారాసిగూడలో ఒక సందు చివర ఉండేవాళ్లం. ఇంటి వెనక ఖాళీ జాగాలో నాన్న తిప్పే కుమ్మరి సారె, దానికి కొంచెం దూరంలో కుండలు కాల్చే ఆవం. ముషీరాబాద్ కట్టె అడ్డాల నుంచి నాన్న సైకిల్ మీద రంపపు పొట్టు తెచ్చేవాడు. ఆవం అంటించిన రోజు పొగకు సందు సందంతా మమ్మల్ని తిట్టిపోసేది. మా వాళ్లల్లో ఆడవాళ్లు సారె ముట్టరు. కానీ సారె మీద మగవాళ్లు చేసేది సగం కుండే. మూతి, మెడ తీర్చి, ఒళ్లు మందంగా వదిలేస్తారు. అడుగు ఉండనే ఉండదు, అక్కడ చెయ్యి దూరేంత రంధ్రం ఉంటుంది. ఒక పూట ఆరనిచ్చి దాన్ని ఆడవాళ్లకు అందిస్తారు. లోపల గుండ్రాయి ఆనించి, బయట చెక్కతో కొడుతూ, ఒళ్లు సాగదీసి పలుచన చేసి, ఆ రంధ్రాన్ని మూసేది ఆడవాళ్లే. రాయికి మట్టి అంటకుండా మధ్యమధ్యలో బూడిదలో అద్దుతారు. అడుగు మూసుకున్నాకే దాన్ని మేము కుండ అంటాం.

మా అమ్మది ఎడమచేతి వాటం. పెళ్లయిన కొత్తలో మా నానమ్మ ఆ చేతిమీద ఎన్నో దెబ్బలు వేసిందట. అన్నం తినే చెయ్యి మార్పించగలిగింది గానీ చెక్క పట్టే చెయ్యి మాత్రం మార్పించలేకపోయింది. అందువల్ల మా ఇంటి కుండల మీద చెక్కదెబ్బలన్నీ ఎదురు వాలుగా పడేవి. తుది మెరుగులో అవి చెరిగిపోయేవి కనుక కొనేవాళ్లకు పట్టేది కాదు.

సార్ తార్నాకలో ఉండేవారు. నాకు పదేళ్లప్పుడు ఆయన స్కూటర్ వేసుకుని మా సందుకు రావడం మొదలుపెట్టారు. మూడు ఎండాకాలాలు వచ్చారు. అమ్మ ముందు నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, ప్యాంటుకు మట్టి అంటినా పట్టించుకోకుండా చెక్క పట్టడం నేర్చుకున్నారు. బాగానే నేర్చుకున్నారు, ఆ మాట ఒప్పుకోవాలి. అయితే రంధ్రం సగం మూసుకునేసరికి అమ్మను ఆపేసేవారు.

"ఇంక చాలమ్మా, అక్కడే ఆపు. దెబ్బలు కూడా చెరపకు."

"అయ్యో సారూ, అడుగు మూయకుంటే గది కుండెట్లయితది?"

"అట్లనే కావాలమ్మా నాకు."

అమ్మకు అది పరమ రోత. చితి చుట్టూ తిరిగేటప్పుడు భుజాన పెట్టే కుండకే చిల్లి ఉంటుంది. చిల్లి ఉన్న కుండను కుమ్మరింట్లో దీపాలవేళ దాకా ఉంచరు. అందుకని పొద్దు వాలకముందే నాచేత గోనెసంచుల్లో చుట్టించి, స్కూటర్ మీద పెట్టించి పంపేసేది. ఆయన వాటిని క్యాంపస్ కొలిమిలో కాల్చుకునేవారు. అమ్మకానికి చేసినవి అమ్ముడుపోయాయి, ఇవి ఇలా పోయాయి, అమ్మ చేతి పని ఒక్కటి కూడా మా ఇంట్లో మిగల్లేదు. తర్వాత ఆడపిల్లనైన నన్ను డిగ్రీలో చేర్పించింది సారే. దరఖాస్తు ఆయనే నింపారు. ఆయన్ని నోరారా తిట్టడానికి నాకు ఎప్పుడూ ఇదే అడ్డం వస్తుంది.

ప్రారంభానికి ముందురోజు గ్యాలరీకి వెళ్లాను. తెల్లటి దిమ్మెల మీద పన్నెండు కుండలు, ఒక్కోదాని మీద ఒక్కో దీపం. అడుగు రంధ్రం కనిపించేలా పక్కకు పడుకోబెట్టారు. మొదటి ఐదు చూశాను, సార్ చేతివే. ఆరోదాని దగ్గర కాళ్లు ఆగిపోయాయి. దెబ్బలు ఎదురు వాలుగా ఉన్నాయి. ఏడోది, ఎనిమిదోది, అలా చివరి దాకా అంతే. ఆ ఏడు కుండలూ నేను చిన్నప్పుడు గోనెసంచిలో చుట్టినవే. అంచు మీద మేకుతో గీసిన సార్ సంతకం మాత్రం కొత్తగా చూశాను.

పక్కన గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది: పరిణతి దశలో ఆయన తన చెక్కదెబ్బను ఉద్దేశపూర్వకంగా ఎదురు వాలులో వేశారు, ఇది సంప్రదాయం మీద ఆయన చేసిన తిరుగుబాటు. నేను రెండుసార్లు చదివాను. నోట్లో నీళ్లూరాయి, వాంతికి ముందు ఊరతాయే, అలా. మా అమ్మ ఎడమచేతి వాటం సార్ తిరుగుబాటు అయి కూర్చుంది.

నేరుగా విభాగాధిపతి గదికి వెళ్లాను. ఆవిడ సార్ శిష్యురాలు, గోడమీది మాటలు రాసింది కూడా ఆవిడే. ఉన్నదున్నట్టు చెప్పాను.

"అయ్యో, హౌ స్వీట్! మీ అమ్మగారు సార్‌కి హెల్ప్ చేసేవారా?" అంది.

"హెల్ప్ కాదు మేడం. ఆ ఏడూ మా అమ్మ చేసినవే."

"చూడండి, సార్ దగ్గర చాలామంది పనిచేశారు. చెయ్యి ఎవరిదైనా ఐడియా సార్‌ది. మధ్యలో ఆపమన్నది ఆయనే కదా? కింద స్థానిక కళాకారుల సహకారంతో అని వేశాం కూడాను." ఆవిడ నా చెయ్యి పట్టుకుని తట్టింది. "వచ్చే వారం మీ పర్మనెంట్ పోస్టు ఇంటర్వ్యూ. ప్యానెల్‌లో నేనూ ఉన్నాను. ఈ టైమ్‌లో దీన్ని కాంప్లికేట్ చేయొద్దు, సరేనా?"

చెయ్యి వదిలాక టేబుల్ సొరుగులోంచి తడి టిష్యూ తీసి, నా చేతి మట్టి అంటిన తన వేళ్లు ఒక్కొక్కటే తుడుచుకుంది. మట్టి కళ మీద రెండు పుస్తకాలు రాసిన మనిషి! ఆవిడ మాటలో నిజం లేకపోలేదు, ఆపమన్నది సారే. ఆ కాస్త నిజం ఉండటం వల్లే నాకు కంపరం ఇంకా ఎక్కువైంది. అయినా సరే మేడం అనే వచ్చాను. తార్నాక దాకా నడుచుకుంటూ వెళ్లి, దారి పొడుగునా ఆవిడకు చెప్పాల్సిన జవాబులు మెట్రో స్తంభాలకు చెప్పాను.

ఇప్పుడు అమ్మా, నేనూ తార్నాకలో ఒక రెండో అంతస్తు వాటాలో ఉంటున్నాం. నాన్న లేడు. అమ్మకు మోకాళ్లు పట్టేశాయి, మెట్లు దిగడం గగనం. ఆ సాయంత్రం తనే అడిగింది.

"రేపు నేను గూడ వస్త బిడ్డా. సారు కుండలు జూస్త."

వద్దని చెప్పడానికి వెయ్యి సాకులున్నాయి. ఒక్కటీ నోటికి రాలేదు. పొద్దున్నే లేచి, పెళ్లిళ్లకు కట్టే జరీచీర కట్టుకుని, తయారై మంచం మీద కూర్చుంది.

గ్యాలరీ గుమ్మంలోనే ఆ స్ప్రే వాసనకు అమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. లోపలికి వచ్చి దిమ్మెలు చూసి ఠక్కున ఆగింది.

"ఛీ ఛీ! గిన్ని చిల్లి కుండలు ఒక్క తాన బెట్టిండ్రేందే! సావింటి లెక్క జేసిండ్రు."

పక్కనున్న ఇద్దరు అమ్మాయిలు తిరిగి చూశారు. నేను నవ్వేశాను, ఆ రోజుకు నాకు నవ్వు వచ్చింది అప్పుడే. అమ్మ మెల్లగా ఒక్కో దిమ్మె దాటుతూ ఆరోదాని దగ్గర నిలబడిపోయింది. వంగి దాని మీది దెబ్బలు చూసింది.

"గిది నాది," అంది చివరికి.

"ఎట్ల తెలుసమ్మా?"

"నా చెయ్యి నాకు తెల్వదా?"

చెయ్యి చాపింది. "ముట్టుకోవద్దు పెద్దమ్మా," అన్నాడు కాపలా అతను. అతని తప్పేం లేదు. అమ్మ చెయ్యి వెనక్కి తీసుకుని, ముట్టుకోకుండానే మిగతా ఆరూ చూసింది. అన్నింటి దగ్గరా తల ఊపింది. తర్వాత గోడవైపు తిరిగింది. అమ్మకు చదువు రాదు.

"గోడ మీద ఏం రాసిండ్రు?"

"సార్ గురించి."

"నా గురించేమన్న రాసిండ్రా?"

అమ్మ ఏనాడూ నోరు తెరిచి ఏదీ అడిగిన మనిషి కాదు. చీర కావాలని అడగలేదు, మోకాలికి మందు కావాలని కూడా అడగలేదు. ఇది అడిగింది. నేను కింద చిన్న అక్షరాలతో ఉన్న వరసను వేలితో చూపించి, "రాసిండ్రమ్మా, గిదే," అన్నాను. స్థానిక కళాకారుల సహకారంతో అని ఉన్న చోటు అది. అమ్మ దగ్గరికి జరిగి ఆ అక్షరాల వంక చూసి, "మంచిగున్నది," అని కొంగు సవరించుకుంది. వెళ్లి మొదటి వరసలో కూర్చుంది. ఆ సంతోషం చూసి నాకు నామీద పుట్టిన ఏవగింపు ఇంతా అంతా కాదు. అయినా ఇంకా మాట మింగుతూనే ఉన్నాను.

ప్రదర్శన మొదలైంది. అతిథులకు వాసన తగలకూడదని నేను మురగబెట్టిన మట్టి పక్కన పెట్టించి, ప్యాకెట్ మట్టి తెప్పించారు. టూత్‌పేస్టులా మెత్తగా, ప్రాణం లేకుండా ఉంది. కరెంటు సారె మీద మూతి, మెడ తీర్చాను. ముందురోజు చేసి ఆరబెట్టిన సగం కుండను ఒళ్లో పెట్టుకుని, రాయీ చెక్కా తీసుకుని కొట్టడం చూపించాను. మేడం మైకులో సార్ ఇలా అనేవారు, సార్ అలా అనేవారు అంటూ వ్యాఖ్యానం చెబుతోంది. ముఖ్య అతిథి కళాఖండాలు సేకరించే పెద్దమనిషి, ఖాదీ జుబ్బా వేసుకుని, కళ్లు మూసుకుని చెక్క చప్పుడు వింటున్నాడు. కొందరు చెంపలకు ఇంత మట్టి పూసుకుని సెల్ఫీలు తీసుకున్నారు.

అప్పుడు మా క్లాసు అమ్మాయి ఒకతి నన్ను అడగడానికి చెయ్యెత్తింది. మంచి పనిమంతురాలు, నేనే నేర్పాను.

"మేడం, మీ దెబ్బలు ఇటు వాలినయ్. సార్ పాత కుండల మీద కూడ ఇట్లనే ఉన్నయ్. కానీ ఆ ఏడింటి మీద ఉల్టా ఉన్నయ్ కదా. కుడిచేత్తో ఎట్ల కొట్టినా అట్ల పడ్తలేవు. నేను ట్రై చేసిన."

నేను నేర్పిన పిల్ల సరిగ్గా నేర్చుకుంది, నా గొంతు మీద వేలు పెట్టింది. మేడం నా వంక చూసింది. అమ్మ కూడా చూసింది, మెడ కొంచెం ముందుకు చాపి, నవ్వు ముఖంతో. తన సంగతి నా నోటి వెంట వస్తుందని ఎదురుచూస్తోంది.

"సార్ రెండు చేతులతోనూ కొట్టేవారు," అన్నాను.

అంతే. అంత తేలిగ్గా వచ్చేసింది. "ఎగ్జాక్ట్లీ!" అంది మేడం. ముఖ్య అతిథి కళ్లు తెరిచి వహ్వా అన్నాడు. ఆ అమ్మాయి పుస్తకంలో రాసుకుంది. నేను తల వంచుకుని బూడిదలో రాయి అద్దాను, అవసరం లేకపోయినా రెండోసారి అద్దాను. అమ్మ ముఖం చూసే ధైర్యం లేకపోయింది.

అక్కడితో అయిపోయినా బాగుండేది. ముందు వరసలో జరీచీర కట్టుకుని కూర్చున్న ఈవిడ ఎవరని ముఖ్య అతిథి అడిగాడు. మేడం చెప్పింది. "ఓహో, కుమ్మరి కుటుంబమా! అయితే రమ్మనండి, ఆవిడను కూడా సార్ టెక్నిక్ ట్రై చేయనివ్వండి," అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అమ్మ మోకాళ్లు పట్టుకుని లేచి, మెల్లగా వచ్చింది. స్టూలు వద్దని నేలమీదే కూర్చుంది. సగం కుండ ఒళ్లోకి తీసుకుంది. రాయి కుడిచేతిలోకి, చెక్క ఎడమచేతిలోకి వాటంతట అవే వెళ్లాయి. ఏళ్లుగా పట్టుకోకపోయినా ఆ చెయ్యి వాటం మరవలేదు. చెక్క పైకి లేచింది.

ఒక్క దెబ్బ పడితే చాలు. ఆ అమ్మాయి ఎదురుగానే కూర్చుని, చెక్క మీదే చూపు పెట్టి ఉంది.

చెక్క గాలిలో ఆగింది. అమ్మ నావైపు చూసింది. కోపం లేదు, ఏడుపు లేదు. వంట చేస్తూ ఉప్పు సరిపోయిందా అని అడిగేటప్పుడు అలాగే చూస్తుంది. తర్వాత చెక్క కింద పెట్టి, రాయి తీసి ఎడమచేతిలోకి మార్చుకుని, చెక్కను కుడిచేత్తో పట్టుకుంది. కొట్టింది. దెబ్బ అడ్డంగా పడింది. రెండోది జారింది. నాలుగో దెబ్బకు కుండ పక్క ఒళ్లు లోపలికి కుంగిపోయి, ఆ చచ్చు మట్టి ముద్దలా కూలింది. జనం ముద్దుగా నవ్వారు, మళ్లీ చప్పట్లు కొట్టారు.

"చూశారా, సార్ పద్ధతి అంత ఈజీ కాదు!" అన్నాడు ముఖ్య అతిథి. మేడం అమ్మ భుజం చుట్టూ చెయ్యి వేసి ఫోటో దిగింది. మా ఇంట్లో బతుకంతా చెక్క పట్టి కుండలు మూసిన మనిషి, చేతకానిదై నిలబడి ఆ ఫోటోలో నవ్వింది.

వారం తర్వాత ఇంటర్వ్యూ అయింది. ఉద్యోగం నాకే ఇచ్చారు. ఆ సంగతి ఇక్కడే చెప్పేస్తున్నాను, చివర చెప్పుకునేంత గొప్ప సంగతేం కాదు కనుక. మేడం స్వయంగా మైసూర్‌పాక్ ముక్క నా నోట్లో పెట్టింది. ఉమ్మేయలేదు, తిన్నాను.

ప్రదర్శన రోజున ఆటోలో తిరిగి వస్తున్నప్పుడు అమ్మ తన కుడిచేతి గోళ్లలో మట్టి తీసుకుంటూ కూర్చుంది. తార్నాక సిగ్నల్ దగ్గర ఆటో ఆగింది. నేనే ఉండబట్టలేక అడిగాను.

"చెయ్యి ఎందుకు మార్చినవమ్మా?"

"మరేం జెయ్యాలె? నువ్వు అప్పటికే జెప్పేస్తివి. నేను ఎడమచేత్తో మంచిగ కొడ్తే అందరి ముందల నువ్వు అబద్ధాలదానివి గావా?"

నేను ఏడవడం ఆటో అతను అద్దంలో చూసి, చూడనట్టు ముఖం తిప్పుకున్నాడు. పచ్చ లైటు పడింది. ఆటో కదిలాక అమ్మ మళ్లీ అంది, ఈసారి నావైపు చూడకుండా.

"గోడ మీద గూడ నా గురించి ఏం రాయలే గదా?"

"లేదమ్మా."

"గది పొద్దుగాల్నే జెప్తే అయిపోవు బిడ్డా," అంది. "నేను ఇంటికాడ్నే ఉంటుంటి."